కుడివైపు ఆకుపచ్చ ముక్క

వ్యాపారం మొదలుపెట్టిన రోజు నా దగ్గర ఉన్నవి ఒక పాత సైకిలు, అలుపెరగని నోరు, బావ చేతులు. సైకిలు నాన్న వాడి వదిలేసింది. నోరు పుట్టుకతో వచ్చింది. బావ చేతులు మాత్రం అక్క పెళ్ళితో మా ఇంటికి వచ్చాయి. ఆ మూడింటిలో అసలు పెట్టుబడి ఏదో నాకు ఆ రోజే తెలుసు. పైకి ఒప్పుకోవడానికి మాత్రం పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఒప్పుకునేసరికి అందులో సగం పోయింది.

బావ అప్పట్లో ఇళ్ళ పైకప్పులకు ప్లాస్టర్ పూలు పోసేవాడు. వైద్య కళాశాలలో ఒక గదికి పని చేస్తుంటే, అక్కడ శరీర నిర్మాణం బోధించే మేడమ్ విరిగిపోయిన మెదడు నమూనా ఒకటి తెచ్చి అతికించగలవా అని అడిగారు. బావ దాన్ని ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఐదో రోజు రెండు మెదళ్ళు తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఏది పాతదో ఏది కొత్తదో మేడమ్ చెప్పలేకపోయారు. బావ ఆ సంగతి అక్కకు చెప్పి నవ్వుకుని, భోంచేసి పడుకున్నాడు. నేను ఆ పూటే సైకిలుకి గాలి కొట్టించాను.

మా దుకాణం రెండు గదులు. లోపలి గదిలో అచ్చులు, ప్లాస్టర్ బస్తాలు, ఆరబెట్టే చెక్కలు. బయటి గదిలో కిటికీ కింద బావ బల్ల. బల్ల మధ్యలో తిరిగే పీట, దాని మీద తెల్లటి మెదడు, నుదుటి భాగం గోడ వైపుకి. బావ ఎడమ చేత్తో పీటను తిప్పుతూ కుడి చేత్తో కుంచె నడిపేవాడు. నీలం డబ్బా ఒక్కటీ బల్లకు ఎడమ చివర ఉండేది. మిగతా రంగులన్నీ కుడి చేతి వైపు. ఆ వరస మార్చడానికి ఎవరికీ హక్కు లేదు, అక్కకు కూడా.

మెదడు మొత్తం పది ముక్కలుగా విడిపోతుంది. పెద్దమెదడుకి కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు, వెనక చిన్నమెదడు ఒకటి, అడుగున వెన్నుపాములోకి దిగే కాండం ఒకటి. నుదుటి వెనక ముక్క పసుపు, నడినెత్తి పక్కది ఆకుపచ్చ, చెవుల దగ్గరిది నీలం, తల వెనకది నారింజ, చిన్నమెదడు వంగపండు రంగు. అడుగు నుంచి బయటికి వచ్చే పన్నెండు జతల నరాలను బావ జిగురులో ముంచి బిగదీసిన దారంతో చేసేవాడు. ఆరాక అవి నిజం నరాల్లాగే కాస్త వంగి, కాస్త మొండికేసి ఉండేవి.

అమ్మడం నా వంతు. మొదటి ఏడాది చిన్నమెదడును నేను కాలీఫ్లవర్ అనేవాణ్ణి. ఆ వైద్య కళాశాలలోనే కొనుగోళ్ళ పెద్దమనిషి ముందు అలాగే అనేసరికి, అదే మేడమ్ నన్ను పక్కకు పిలిచి, ఏం అమ్ముతున్నావో తెలుసుకుని అమ్మమని చీవాట్లు పెట్టారు. వారానికి రెండు రోజులు తన పాఠాలకు వెనక బెంచీలో కూర్చోనిచ్చారు. నేర్చుకున్నాను. నాకు అర్థమయ్యే భాషలోకి మార్చుకున్నాను. పసుపు ముక్క యజమాని, ఏం చేయాలో ఏం మానాలో తేల్చేవాడు. నీలం ముక్క విన్నది విడమరుస్తుంది. దాని లోపలి మడతలో సముద్రపు గుర్రం ఆకారంలో ముడుచుకుని ఉన్నది కొత్త జ్ఞాపకాలను చేర్చుకునే గుమస్తా. నారింజ ముక్కకు చూపు ముడిసరుకుగా వెళ్తే బొమ్మగా బయటికొస్తుంది. చిన్నమెదడు తూకం వేసేవాడు, అడుగు తడబడకుండా చూస్తాడు. కాండం కాపలావాడు. దుకాణం మూసినా వాడికి సెలవు లేదు, ఊపిరి లోపలికీ బయటికీ నడిపిస్తూనే ఉండాలి. ఇంకో తమాషా ఏమిటంటే ఈ కొట్లో పద్దులన్నీ అడ్డంగా ఉంటాయి. కుడి గదిలో కూర్చున్నవాడు ఎడమ చెయ్యిని చూసుకుంటాడు, ఎడమ గదివాడు కుడి చెయ్యిని.

బేరం తెగనప్పుడు నేను చివరి సరుకు బయటికి తీసేవాణ్ణి. కుడివైపు ఆకుపచ్చ ముక్కను ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చెప్పేవాణ్ణి. "ఈ ఒక్క ముక్క చెడితే మనిషికి ఎడమ పక్క లోకమే ఉండదండీ. కళ్ళు బాగానే ఉంటాయి. కంచంలో కుడి సగం తిని లేచిపోతాడు. కుడి చెంపే గీసుకుని పెళ్ళికి బయల్దేరతాడు. ఏమయ్యా, మిగతా సగం ఏదీ అంటే, అంతా అయిపోయిందిగా అంటాడు." అందరూ నవ్వేవారు. నవ్వినవాళ్ళు కొనేవారు. ఈ ముక్క గురించి నేను వెయ్యిసార్లకు తక్కువ చెప్పి ఉండను.

బావ మాట్లాడేవాడు కాదు. ఏదన్నా అంటే కుంచెతో బదులిచ్చేవాడు. ఒకసారి పని నత్తనడక నడుస్తోందని నలుగురి ముందు కసిరాను. మర్నాడు పంపిన నమూనాలో ఎడమవైపు, మాటలు పుట్టించే చోట, శనగగింజంత నోరు తెరుచుకుని ఉంది. పైన నా మీసం. అది నా కంట పడేలోపే కళాశాల చేరింది. తుడిచేస్తానంటే మేడమ్ తుడవనివ్వలేదు. మరోసారి, మెదడు లోపలి ఖాళీ గదులను ఎవరు చూస్తారు బావా, అంత నున్నగా ఎందుకు అన్నాను. ఆ లోపల నల్లరంగుతో ఒక కన్ను గీసి పెట్టాడు, నన్నే చూస్తున్నట్టు. అక్క పడీ పడీ నవ్వింది. కాబట్టి బావ భాష నాకు తెలుసని నా నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ముంచింది.

పంతొమ్మిదో ఏట నలభై మెదళ్ళకు ఒకేసారి ఆర్డరు వచ్చింది. అంత పెద్దది మాకు అదే మొదలు. ఆ వారమే బావ మేడమ్ దగ్గరికి, ఊడిపోయిన నరమేదో అతికించడానికి వెళ్ళాడు. అక్కడో విద్యార్థిని నమూనా అడుగున ఉన్న పేరు రేకు చదివి, ఈ పేరున్నాయనే కదా దీన్ని చేసింది అని మేడమ్‌ను అడిగిందట. రేకు మీద ఉన్నది నా పేరు. తర్వాత బావ వైపు తిరిగి, మీరు రిపేరుకి వచ్చారా అందట.

ఇంటికి వచ్చి బావ నోరు తెరిచి అడిగాడు. పంతొమ్మిదేళ్ళలో అడగడం అదొక్కసారే.

"బామ్మర్దీ, ఆ రేకు మీద సగం నా పేరు వెయ్యి."

నేను నవ్వేశాను. కొనేవాడికి దుకాణం పేరు కావాలి కానీ రంగులేసినవాడి పేరెందుకన్నాను. ఒక రేకు మీద రెండు పేర్లుంటే అన్నదమ్ముల తగాదా అనుకుంటారన్నాను. బావ వదల్లేదు. ఊరికే నిలబడి చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పక్కన ప్లాస్టర్ బస్తాలు దించే ఇద్దరు ఉన్నారు. వాళ్ళు నవ్వుతారని తెలిసే అన్నాను.

"సగం మెదడు చేసిపెట్టు బావా, సగం రేకు నీకు రాసిస్తా."

వాళ్ళు నవ్వారు. బావ కుంచె కడిగి డబ్బాలో నిలబెట్టాడు. "సరే" అన్నాడు. అంతే.

మర్నాడు నేను పక్క ఊరి కళాశాలల మీద పడ్డాను. మూడో రోజు పొద్దున్నే తిరిగి వచ్చి దుకాణం తలుపు తోసేసరికి బల్ల పక్కన నాలుగు మెదళ్ళు వరసగా ఆరుతున్నాయి. నాలుగింటికీ కుడి సగమే రంగు. ఎడమ సగం పచ్చి ప్లాస్టర్. ఒకే ముక్కగా ఉండే చిన్నమెదడు కూడా నడి మధ్యకు కోసినట్టు సగం వంగపండు, సగం తెలుపు. కుడివైపున నీలం పడాల్సిన చోట మాత్రం ఏ రంగూ లేదు. నీలం డబ్బా మూత కూడా తీయలేదు. బావ ఐదోదాని మీద పని చేస్తున్నాడు. చొక్కా కుడి చేతికి తొడుక్కున్నాడు, ఎడమ చెయ్యి బయటే ఉంది. పనిలో పడితే బావ ఒంటి మీద బట్ట ఎప్పుడూ తిన్నగా ఉండదు కనుక అది నాకు వింతగా తోచలేదు.

సగమే అయ్యాయేం బావా అన్నాను.

"సగమేంటి? అన్నీ అయ్యాయి. చూసుకో, తీసుకుపో" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు.

నాకు మండింది. అయినా ఆర్డరు నలభై. తగ్గితే తప్పేముందని టీ తెప్పించాను. నా చేత్తో గ్లాసు తీసుకెళ్ళి బావ ఎడమ మోచేతి పక్కన పెట్టాను. రాజీ కోసం నేను ఎవరికైనా టీ అందించడం ఆ దుకాణంలో అదే మొదటిసారి. బావ దాని వైపు చూడలేదు. ఆవిరి తగ్గింది, మీగడ కట్టింది, చల్లారింది. నా చేతి టీ కూడా ముట్టడన్నమాట అనుకున్నాను. కుడి పక్కన పెట్టి ఉంటే తాగేవాడే. ఒక మూర దూరం. ఇప్పటికీ ఆ మూర దూరాన్ని నేను కొలుస్తూనే ఉన్నాను.

పేరు పిచ్చి దిగాక రమ్మని చెప్పి, ఆ పూటే బావను ఇంటికి పంపేశాను. వెళ్తూ వెళ్తూ ఎడమ భుజం తలుపు చెక్కకు గట్టిగా తగిలించుకున్నాడు. విసురుగా పోతున్నాడనుకున్నాను. బోర్డులు రాసే పెయింటర్ని పిలిపించి బావ బల్ల ముందు కూర్చోబెట్టాను. మొదటి రోజే అతను డబ్బాల వరస మార్చేశాడు.

రెండు రోజుల తర్వాత అక్క వచ్చింది. కూర్చోలేదు.

"ఒరేయ్, మీ బావ అదోలా ఉన్నాడురా. గుమ్మాలకు గుద్దుకుంటున్నాడు. కంచంలో సగం వదిలేసి ఇంకా పెట్టమంటున్నాడు. ఏమైందంటే నాకేంటి, బాగానే ఉన్నానంటాడు. నీకు ఈ మెదడు సంగతులన్నీ తెలుసు కదా. ఇదేమైనా అదా?"

కంచంలో సగం అని అక్క నోటితోనే అంది. నా సొంత సరుకు, నా సొంత మాట, నా ముందు బల్ల మీద పెట్టింది. నాకు మాత్రం నాలుగు సగం మెదళ్ళే కనిపిస్తున్నాయి.

"అదేం కాదక్కా. నేను సగం అన్నానని అన్నీ సగం చేసి చూపిస్తున్నాడు. నాటకం. నువ్వు గారాబం చేయకు, తనే దారికొస్తాడు" అన్నాను.

అక్క నమ్మింది. డాక్టర్లకే మెదళ్ళు అమ్మే తమ్ముడి మాట ఎందుకు నమ్మదు? అయినా మూడు రోజులకు ఫోన్ చేసింది. ఎడమ చేతిలోంచి గ్లాసు జారిపోతోందట, కాలు ఈడుస్తున్నాడట. గుమ్మానికి కొట్టుకున్న దెబ్బ ముదిరి ఉంటుంది, కాపడం పెట్టమన్నాను. అప్పుడు పెయింటర్ వేసిన పసుపు ముక్కల మీద కారిన రంగు గీకుతున్నాను. రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు.

గడువు దగ్గర పడింది. నలభైలో పద్దెనిమిదే అయ్యాయి. సరుకు ముట్టినట్టు సంతకం పెట్టాల్సింది మేడమే కనుక, పది రోజులు అడుగుదామని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. రుజువు కోసం బావ చేసిన సగం మెదడు ఒకటి సంచిలో వేసుకున్నాను. గదిలో నలుగురైదుగురు విద్యార్థులున్నారు. నోరు ఊరుకుంటుందా? బావ పంతం కథ రక్తి కట్టించి చెప్పాను. వాళ్ళు నవ్వారు. మేడమ్ నమూనాను దగ్గరికి లాక్కుని మెల్లగా తిప్పారు. మధ్య గీత మీద వేలు పెట్టి పై నుంచి కిందికి నడిపారు. ఆవిడ నవ్వలేదు.

"ఇలాంటివి ఎన్ని చేశాడు?"

"నాలుగండీ."

"నాలుగింటికీ ఎడమ పక్కే వదిలేశాడా?"

"నాలుగింటికీ అదే. అడిగితే అన్నీ అయిపోయాయిగా అంటాడు."

ఆ మాట బయటికి వచ్చాక నాకు వినిపించింది. వెయ్యిసార్లు చెప్పి అమ్ముకున్న మాట, ఒక్కసారి కూడా వినని మాట. ఆ వెంటనే టీ గ్లాసు, చొక్కా చెయ్యి, మూత తీయని నీలం డబ్బా వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మేడమ్ కుడివైపు ఆకుపచ్చ ముక్కను ఊడదీసి నా చేతిలో పెట్టారు. ఎన్నాళ్ళయింది అని మాత్రం అడిగారు. తొమ్మిది రోజులన్నాను.

ఆ మధ్యాహ్నమే బావను ఆసుపత్రిలో చేర్చాం. తల లోపలి బొమ్మ తీసిన డాక్టరు ఫిల్మును దీపపు పలక మీద పెట్టి చూపించాడు. నేను చదవగలను అనడానికి కూడా నోరు రాలేదు. రెండు మరకలున్నాయి. ఒకటి చిన్నది, పదో పదకొండో రోజుల కిందటిది. రెండోది పెద్దది, నాలుగు రోజుల నాటిది. రక్తనాళం మూసుకుపోయి కుడి పక్క ఆకలితో చచ్చిపోయిందని చెప్పాడు. మొదటిది మిమ్మల్ని తలుపు తట్టి పిలిచింది, అప్పుడే తీసుకొచ్చి ఉంటే రెండోది రాకుండా ఆపడానికి మందులున్నాయి, చాలామందికి పని చేస్తాయి అన్నాడు. అక్క నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే కొంత తగ్గేది.

బావ బతికాడు. ఎడమ చెయ్యి పోయింది. పోయిందని కూడా అతనికి తెలియదు, ఆ సంగతి చెప్పాల్సిన ముక్కే పోయింది. ఒకరోజు మంచం పక్కన కూర్చుని ఆ చేతి వేళ్ళు చాపుతుంటే, దుప్పటి మీద పడి ఉన్న చేతిని తల తిప్పి అతి కష్టం మీద చూశాడు.

"ఇదెవరిది బామ్మర్దీ? నీదా? ఇక్కడ వదిలేశావేం, తీసుకుపో."

నాదే బావా అన్నాను. అంతకన్నా నిజం నేనెప్పుడూ చెప్పలేదు.

ఇక వ్యాపారం సంగతి. మేడమ్ పది రోజులు కాదు, రెండు నెలలు గడువిచ్చారు. బావ చేసిన ఆ సగం మెదడును మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానన్నారు. ఈ జబ్బు గురించి పుస్తకంలో ఎంత చదివినా పిల్లలకు ఇంత బాగా తెలియదు అన్నారు. ఊరికే ఉంచుకోండి అనాలి. నా నోరు అలవాటు కొద్దీ ధర చెప్పింది. ఆవిడ బేరం ఆడకుండా ఇచ్చేశారు. తర్వాత మిగతా మూడింటి కోసం వేరే కళాశాలలు అడిగాయి. అవీ అయిపోయాక కూడా అడిగాయి. పెయింటర్ చేత చేయించాను. మధ్యలో టేపు అతికించి, కుడి సగానికి రంగు వేసి, టేపు లాగేస్తాడు. గీత మరీ తిన్నగా వస్తుంది. బావ గీతలో ఉన్నది అందులో ఉండదు. అయినా మొత్తం మెదడు కన్నా సగం మెదడే తొందరగా కదులుతోంది. సగం మెదడు చేసిపెట్టమని నేనే కదా అడిగాను.

మాట ప్రకారం రేకు కూడా చేయించాను. మంచి ఇత్తడి రేకు. దాని మీద రెండు పేర్లు, ఒకే సైజులో, ఒకే వరసలో. పెద్దవాడు కనుక బావ పేరు ముందు, నాది తర్వాత. నలభై మెదళ్ళకూ అదే వేయించి, ఒక రేకు సంచిలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. బావ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అక్క తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. ఈ మధ్య నాతో మందుల పేర్లు తప్ప ఏమీ మాట్లాడదు.

రేకును బావ కుడి చేతిలో పెట్టాను. చాలాసేపు చూశాడు. బొటనవేలితో అక్షరాలు తడిమాడు. పనివాడు కదా, చెక్కడం బాగుందన్నాడు. ఆ తర్వాత పైకి చదివాడు. నా పేరు చదివాడు. రేకు మధ్యలో మొదలుపెట్టి కుడి చివరకు వెళ్ళి ఆగిపోయాడు.

మొదటి నుంచీ చదువు బావా అన్నాను.

మళ్ళీ నా పేరే చదివాడు. ఎడమ వైపుకి చూడు అన్నాను. చూశాననే అన్నాడు. చెయ్యి పట్టుకుని బొటనవేలిని అతని పేరు మీదికి జరిపాను. రేకు అంచు అనుకుని నిమిరి వదిలేశాడు. చివరికి దాన్ని నా చేతికి తిరిగిచ్చి, నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పాడు.

"నీ పేరే వేశావుగా. పోనీలే, మంచిదే. రెండు పేర్లుంటే తగాదా అనుకుంటారన్నావు కదా."

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. అక్క వింటూనే ఉంది.

పంతొమ్మిదేళ్ళ వ్యాపారానికి లెక్క తేలుస్తున్నాను. దుకాణం ఉంది, ఆర్డర్లున్నాయి, నోరు ఉంది. ఆకుపచ్చ ముక్క కథ చెప్పడం మానేశాను, అది చెప్పకపోయినా సరుకు అమ్ముడవుతోంది. ఏటా వందలమంది పిల్లలు నమూనాను తిరగేసి రేకు మీద రెండు పేర్లూ చదువుతున్నారు. ఆ రేకు మీద నా పేరొక్కటే కనిపించే మనిషి లోకంలో ఒకే ఒక్కడున్నాడు, అతను బావ. నా పేరొక్కటే ఉండాలని నేను పట్టుబట్టాను. నాకు దక్కింది అదే.